చేతినొప్పికి మందు నిలువు మౌసా, మూడు వందల మౌసా?

అక్షరాల అంగడి (గుంటూరు)

మా ఇంట్లో వారం రోజులుగా తెగని వాదన ఇది. మీ ముందు పెడుతున్నాను.

నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, ఏడాదికి ఒకటో రెండో కవితా సంపుటాలు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతో పని. పెళ్లిళ్ల రోజుల్లో పది గంటలు కుర్చీ దిగను. రెండు నెలలుగా కుడి మణికట్టు పైభాగం నుంచి మోచేయి దాకా ఒకటే లాగుడు. సాయంత్రానికి పొయ్యి మీది పప్పు గిన్నె దించాలన్నా ఎడమ చేయి తోడు కావాల్సి వస్తోంది.

మా మరిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "వదినా, కరచాలనం ఇచ్చినట్టు పక్కకు పట్టుకునే నిలువు మౌస్ కొను, నెల తిరిగేసరికి నొప్పి ఎగిరిపోతుంది" అంటాడు. మావారేమో "మూడు వందల మౌస్ పాడైతే ఇంకో మూడు వందల మౌస్. దానికి అంత మర్యాద ఎందుకు?" అంటారు. నేను పెట్టగలిగింది రూ. 800. నిలువు మౌస్ నిజంగా పనిచేస్తుందా, లేక పేరు గొప్ప, ఊరు దిబ్బా? వాడినవాళ్లు చెప్పండి.

మూడో షిఫ్టు (హైదరాబాద్)

మీ మరిది మాటే నిజమండీ. నేను రాత్రి షిఫ్టులో తొమ్మిది గంటలు మౌస్ మీదే బతుకుతాను, ఏడాదిన్నరగా నిలువు మౌసే వాడుతున్నాను.

ఒక పని చేసి చూడండి. కుడి అరచేయి బల్లకు ఆనేలా పెట్టి, ఎడమ చేత్తో ముంజేయి పట్టుకోండి. ఇప్పుడు ఎవరికో కరచాలనం ఇవ్వబోతున్నట్టు చేయి పక్కకు తిప్పండి. లోపల కండ వదులవడం వేళ్లకు తెలుస్తుంది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. అరచేయి బోర్లా పడితే ఒకటి రెండోదాని మీదుగా అడ్డంగా వస్తుంది. కరచాలనం తీరులో ఆ మెలిక చాలావరకు విడిపోతుంది. మామూలు మౌస్ రోజంతా ఆ మెలికలోనే చేతిని ఉంచుతుంది.

లాజిటెక్ కంపెనీ 2018లో తెచ్చిన ఎంఎక్స్ వర్టికల్ మౌస్ 57 డిగ్రీల వాలుతో ఉంటుంది. దాని ధర మన అందుబాటులో లేదు, నిజమే. అదే తీరు వాలుతో వెయ్యి లోపు దొరికేవి బోలెడు. నాది రూ. 900. మొదటి వారం కర్సర్ తాగినవాడిలా తూలింది. ఓపిక పట్టండి, మీ రూ. 800కు ఇంకో వంద కలపండి.

సికింద్రాబాద్ సర్వీసు

ఆ వంద కలపకండమ్మా.

ఇరవై రెండేళ్లుగా పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల, మౌసులు విప్పి బతుకుతున్నవాడిని. లోపల ఏముంటుందో చెబుతాను. ఒక సెన్సర్, దానికి వెలుగిచ్చే చిన్న దీపం, బొత్తాల కింద మైక్రోస్విచ్‌లు, చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఒక ఎన్‌కోడర్. అంతే. ఖరీదు పెరిగే కొద్దీ స్విచ్ మెరుగవుతుంది, సెన్సర్ మెరుగవుతుంది, అడుగున అతికించిన జారుడు ముక్కలు నున్నబడతాయి. అయితే చవక నిలువు మౌస్ విప్పితే నాకు తరచూ కనిపించేది మూడు వందల మౌస్‌లోని బోర్డే. మిగతా ఆరు వందలూ పైన మూపురంలా లేచిన ఆ ఆకారానికి పెట్టినవి.

ఇంకో సంగతి. మామూలు మౌస్‌లో బొత్తం నొక్కితే ఆ బలం కిందికి, బల్లలోకి పోతుంది. నిలువు మౌస్‌లో బొత్తం పక్కకు ఉంటుంది కాబట్టి నొక్కిన ప్రతిసారీ మౌస్‌ను పక్కకు తోస్తుంది. అది కదలకుండా అవతలి వైపు బొటనవేలు కాపలా కాయాలి. శుభలేఖలో వరుడి పేరు కింద గీత సరిగ్గా పెట్టాల్సినవాళ్లకు ఇది పెద్ద చిక్కు. ఫోన్ మాట్లాడుతూ నాలుగు పెట్టెల్లో టిక్కులు పెట్టేవాళ్లకు తెలియకపోవచ్చు.

నా మాట: తీగ ఉన్న మామూలు మౌస్, పేరున్న కంపెనీది, రూ. 300 నుంచి 400 మధ్య. డెల్ ఎంఎస్116, లాజిటెక్ బి100 లాంటివి. సెల్ మార్చే పని లేదు, చార్జింగ్ గోల లేదు. బిల్లు తీసుకోండి. అట్టపెట్టె మీద అచ్చు మసకగా ఉంటే, వెనకాల సీరియల్ నంబరు లేకపోతే అది నకిలీ కావచ్చు, అక్కడే వదిలేయండి.

మూడో షిఫ్టు

అన్నగారూ, "ఫోన్ మాట్లాడుతూ టిక్కులు పెట్టేవాళ్లు" అన్నది నా గురించేనని అర్థమైంది. ఆ టిక్కులతోనే ఇంటి అద్దె కడుతున్నాను.

మీరు మౌస్‌ను విప్పి చూస్తారు. నేను పట్టుకుని చూస్తాను. బోర్డు ఒకటే అయితే ఏమిటి? దోసె, ఊతప్పం ఒకే పిండితో వేస్తారు, రెండూ ఒకటేనా? నేను డబ్బు పెట్టింది ఆ మూపురానికే.

సికింద్రాబాద్ సర్వీసు

పిండి పులిసిందో లేదో చూడమంటున్నాను, అంతే. నా దగ్గరికి ఒక నిలువు మౌస్ ఆరు నెలలకే వచ్చింది, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోందని. లోపల స్విచ్ రేకు అరిగిపోయింది. స్విచ్ ఖరీదు ఇరవై, మార్చడానికి గంట. ఆ మూపురం విప్పడం అంత యాతన.

ఎడమచేతి వాటం (తెనాలి)

మీ ఇద్దరి వాదనలో నాకు చోటే లేదు. చవక నిలువు మౌసులు దాదాపు అన్నీ కుడిచేతివాళ్లకే. ఎడమచేతికి కావాలంటే లాజిటెక్ లిఫ్ట్‌లో ఎడమచేతి రకం ఉంది, దాని ధరతో మా ఇంటికి రెండు నెలల సరుకులు వస్తాయి. కాబట్టి మా జాతికి దిక్కు ఇటూ అటూ ఒకేలా ఉండే మూడు వందల మౌసే. విండోస్‌లో ప్రధాన బొత్తాన్ని కుడివైపుకు మార్చుకుంటే పని అయిపోతుంది.

అక్షరాల అంగడి గారూ, ఒక సలహా. మీరు కుడిచేతివారే అయినా మౌస్‌ను ఎడమకు మార్చి చూడండి. చిన్నప్పుడు ఎడమ చేత్తో అన్నం తినబోతే మా నాయనమ్మ మొట్టికాయ వేసేది. ఆ చేతిని మీకు సిఫారసు చేస్తున్నానంటే చూసుకోండి.

నల్లబల్ల (రాజమహేంద్రవరం)

పదవీ విరమణ చేసిన లెక్చరర్‌ని, పాఠం అలవాటు పోలేదు. ఓపికగా వినండి.

తొలి మౌస్ 1964 నాటిది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌కు వచ్చిన ఆలోచన, చేసిపెట్టింది ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్. చెక్క పెట్టె, అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు చక్రాలు, పైన ఒకే బొత్తం. మన పోపుల పెట్టెలో ఒక గిన్నె అంత ఉంటుంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని సభ ముందు చూపించారు. అప్పటికి బొత్తాలు మూడయ్యాయి.

ఇదంతా ఎందుకంటే, ఆ రోజు ఎంగెల్‌బార్ట్ కుడి చేతి కింద మౌస్ ఉంటే ఎడమ చేతి కింద ఐదు మీటల చిన్న సాధనం ఉంది. పని రెండు చేతులకూ పంచాడు. మనం ఏం చేశాం? ఎడమ చేతిని ఖాళీగా కూర్చోబెట్టి, కీబోర్డు కుడిపక్క అంకెల మీటలు చేర్చి, మౌస్‌ను ఇంకా దూరం నెట్టాం. ఆపైన చేయి నొప్పి పుడుతోందని మౌస్‌ను తిడుతున్నాం. నా ఓటు బల్లకు. కొత్త మౌస్ కొనకముందు బల్ల కొలవండి.

ఒక ముచ్చట చెప్పి ఊరుకుంటాను. బంతి మౌసుల కాలంలో మా కాలేజీ ల్యాబ్‌లో వారానికి రెండు బంతులు మాయమయ్యేవి. పిల్లలు వాటితో ఏం ఆడేవారో నాకు ఈనాటికీ తెలియదు. లోపలి రోలర్లకు పట్టిన మట్టిని బ్లేడుతో గీకేది మాత్రం నేనే.

డల్లాస్ వాకిలి

అందరికీ నమస్కారం. ఇంత చర్చ ఎందుకండీ, ట్రాక్‌బాల్ కొనుక్కోండి. మౌస్ కదలదు, చేయి కదలదు, బొటనవేలితో బంతి తిప్పడమే. నాది 45 డాలర్లు. మూడేళ్లుగా నొప్పి మాటే లేదు.

ఎడమచేతి వాటం

డల్లాస్ అన్నయ్యా, ఆవిడ చెప్పింది ఎనిమిది వందల రూపాయలు.

చేతివైద్యం (తిరుపతి)

ఫిజియోథెరపిస్టును. ఇంతవరకూ ఎవరూ నొప్పి సంగతి అడగలేదు, అందరూ మౌస్ సంగతే చెబుతున్నారు.

అమ్మా, రాత్రి నిద్రలో చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? లేచి చేయి విదిలిస్తే తగ్గుతోందా? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, ఈ వేళ్లలో తిమ్మిరి ఉంటే మణికట్టు లోపలి ఇరుకు దారిలో (కార్పల్ టన్నెల్) నరం నొక్కుకుపోతోందేమో చూడాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి, మధుమేహం ఉన్నవారికి, గర్భిణులకు అది ఎక్కువగా వస్తుంది. చిటికెనవేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం, చాలాసార్లు మోచేతి దగ్గర గొడవ. ఈ రెంటికీ మౌస్ దుకాణంలో మందు లేదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

తిమ్మిరి లేకుండా ముంజేయి పైభాగం లాగుతూ ఉంటే అది మణికట్టునూ వేళ్లనూ పైకెత్తి ఉంచే కండరాల అలసట కావచ్చు. మీరు పని చేస్తుండగా మీ చూపుడువేలును ఒకసారి గమనించండి. క్లిక్ చేయనప్పుడు బొత్తం మీద వాలి ఉందా, గాలిలో లేచి ఉందా? చాలామందికి లేచే ఉంటుంది. పది గంటలు ఒక వేలు గాల్లో నిలబెడితే నొప్పి రాకుండా ఎలా ఉంటుంది?

ట్రాక్‌బాల్ గురించి: చేయి కదలదు, నిజమే. ఆ పని అంతా బొటనవేలు మోస్తుంది. ఒక్క బొటనవేలి నొప్పితో వచ్చినవాళ్లనూ చూశాను. బరువు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారుతుంది, మోత తగ్గదు. మూడో షిఫ్టు గారి నిలువు మౌస్‌కూ ఇదే మాట కొంతవరకు వర్తిస్తుంది. కొందరికి మేలు చేస్తుంది, అందరికీ అని నేను చెప్పలేను.

అక్షరాల అంగడి గారూ, మూడు కొలతలు ఇవ్వండి. బల్ల ఎత్తు, కుర్చీ ఎత్తు, కీబోర్డు మధ్య నుంచి మౌస్ దాకా దూరం. మౌస్ దేని మీద తిరుగుతోందో కూడా చెప్పండి.

అక్షరాల అంగడి

రాత్రి తిమ్మిరి లేదండీ. థైరాయిడ్ పరీక్ష నిరుడు చేయించుకున్నాను, బాగానే ఉంది. వేలు సంగతి చూశాను. లేచే ఉంది! మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కపెట్టమంటే, పది నిమిషాల్లో వేలు బొత్తం మీద వాలింది నాలుగుసార్లేనట.

టైలరింగ్ టేపుతో కొలిచాను. బల్ల 30 అంగుళాలు. ఇది కంప్యూటర్ బల్ల కాదు లెండి, పాత భోజనాల బల్ల, సెంటరుకు తెచ్చుకున్నాం. కుర్చీ ప్లాస్టిక్‌ది, కూర్చునే చోటు 17 అంగుళాలు. కీబోర్డులో జీ, హెచ్ మీటలు నా ముక్కుకు ఎదురుగా ఉంటాయి. అక్కడి నుంచి మౌస్ దాకా 15 అంగుళాలు, నా చేత్తో దాదాపు రెండు జానలు.

బల్ల మీద అద్దం ఉంది. అద్దం కింద కస్టమర్లు చూసుకోవడానికి శుభలేఖల నమూనాలు పెట్టాను. అద్దం మీద మౌస్ నడవదు కాబట్టి పాత గోడ క్యాలెండర్ కాగితం పరిచాను, వేంకటేశ్వరస్వామి బొమ్మ లోపలికి, తెల్లవైపు పైకి. ఆ కాగితం కాస్త నిగనిగలాడుతుంది. కర్సర్ అప్పుడప్పుడు గంతు వేస్తుంది. గంతు వేయకుండా మౌస్‌ను గట్టిగా నొక్కిపెట్టి జరుపుతాను. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

నల్లబల్ల

చెప్పానా! భోజనాల బల్ల భోజనానికి. కంచం వైపు వంగి తింటాం కాబట్టి ఆ ఎత్తు సరిపోతుంది.

చేతివైద్యం

మీ మోచేయి కూర్చునే చోటి నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తున ఉంటుందనుకుంటే నేల నుంచి 26 అంగుళాలు. బల్ల 30. అంటే రోజంతా భుజం నాలుగు అంగుళాలు ఎత్తి, చేయి రెండు జానలు పక్కకు చాచి, వేలు గాల్లో పెట్టి, మౌస్‌ను అదిమి పట్టుకుంటున్నారు. ఈ తీరులో వెండి మౌస్ ఇచ్చినా చేయి లాగుతుంది.

బల్ల కాళ్లు కోయించమని చెప్పను. కుర్చీలో మూడు నాలుగు అంగుళాల గట్టి దిండు వేసుకోండి. అప్పుడు కాళ్లు వేలాడతాయి, కింద పీట పెట్టుకోండి. తద్దినం పీటైనా ఫరవాలేదు.

సికింద్రాబాద్ సర్వీసు

అద్దం సంగతి మొదటే చెప్పి ఉంటే నేను అంత ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి కాదమ్మా.

ఈ కాలపు మౌస్‌కు అడుగున ఉన్నది ఒక బుల్లి కెమెరా. తను తిరిగే ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు ఫోటో తీసి, ముందు ఫోటోకూ తర్వాతి ఫోటోకూ గరుకులో వచ్చిన తేడా చూసి ఎటు కదిలిందో లెక్క కడుతుంది. అద్దంలో గరుకు లేదు, వెలుగు అవతలికి పోతుంది. నిగనిగలాడే కాగితం మీద పడిన వెలుగు చాలావరకు ఒకే దిక్కుకు తిరిగిపోతుంది. అందుకే ఆ గంతులు. మీ పాత మౌస్‌లో తప్పు లేకపోవచ్చు. ముందు వంద రూపాయల గుడ్డ ప్యాడ్ కొనండి. అడుగున రబ్బరు ఉన్నది చూసుకోండి, అద్దం మీద జారదు.

ఇంకో ప్రశ్న. మీ చేయి ఎంత పొడవు? మణికట్టు మడత నుంచి మధ్యవేలు కొస దాకా.

అక్షరాల అంగడి

ఆరున్నర అంగుళాలు.

సికింద్రాబాద్ సర్వీసు

అయితే నా మొదటి మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. నేను చెప్పినవి పూర్తి సైజువి. బి100 పొడవు 11 సెంటీమీటర్లు దాటుతుంది. మీ చేయి 16.5 సెంటీమీటర్లు. ఆటలాడే కుర్రాళ్లు ఒక లెక్క చెప్పుకుంటారు, చేయి పొడవులో వందకు అరవై వంతులు మౌస్ ఉండాలని. శాస్త్రం కాదు, దుకాణంలో పనికొచ్చే అంచనా. దాని ప్రకారం మీకు 10 సెంటీమీటర్ల మౌస్ సరి. పెద్ద మౌస్ మీద చిన్న చేయి పెడితే బొత్తం అందుకోవడానికి వేళ్లు చాచాలి, చాచిన వేలు లేచే ఉంటుంది.

కొనేటప్పుడు డబ్బాలో చూసి కొనకండి. బయటికి తీయించి, అరచేయి ఆనించి, వేలు బొత్తం మీద వాల్చి, చక్రం తిప్పి చూడండి. దుకాణదారు మొహం ముడిచినా సరే.

గురి (వరంగల్)

బీటెక్ రెండో ఏడు, ఆటల పిచ్చి. పెద్దలు గేమింగ్ మౌస్ ఊసెత్తలేదు కాబట్టి నేనే చెబుతాను: కొనకండి అక్కా. దుకాణంలో "డీపీఐ 6400" అని ఊరిస్తారు. డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం కదిలితే కర్సర్ ఎన్ని చుక్కలు కదులుతుందన్న లెక్క. మీ తెర అడ్డంగా 1920 చుక్కలనుకుంటే, 1000 డీపీఐ మౌస్‌తో రెండు అంగుళాలు జరిపితే ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. అంతకన్నా ఏం కావాలి? చేయి ఎక్కువ తిప్పాల్సి వస్తోందనిపిస్తే విండోస్ సెట్టింగ్స్‌లో కర్సర్ వేగం పెంచుకోండి. మామూలుగా 10 మీద ఉంటుంది, 12 చేసి చూడండి, ఖర్చు లేదు.

బరువు చూడండి. తీగ లేనిది కొంటే డబుల్ ఏ ఆల్కలైన్ సెల్ ఒక్కటే దాదాపు 23 గ్రాములు తూగుతుంది. మేము ప్లాస్టిక్ తొడుగులో ట్రిపుల్ ఏ సెల్ పెట్టి వాడతాం, బరువు సగమవుతుంది, వోల్టేజీ అదే. సెల్ త్వరగా అయిపోతుంది, అది వేరే సంగతి. తీగ ఉన్నది కొంటే ఆ తీగ బల్ల అంచున వేలాడి మౌస్‌ను వెనక్కి లాగకుండా, కాస్త వదులు ఇచ్చి తెర కాలికి టేపుతో అంటించండి.

పంక్తి సరిచేసేవాడు (విజయవాడ)

నేనూ డీటీపీవాడినే. పేజ్‌మేకర్‌లో బొమ్మను, అక్షరాల పెట్టెను వెంట్రుకవాసి జరపాలంటే మౌస్ ఎందుకండీ? ఎంచుకుని బాణం మీటలు నొక్కండి. ఎంత జరగాలో ప్రిఫరెన్సెస్‌లో మీరే పెట్టుకోవచ్చు. నేను 0.1 మిల్లీమీటరు పెట్టుకున్నాను. మౌస్ పని మూడో వంతు తగ్గింది. అంకెల మీటలు లేని చిన్న కీబోర్డు కొంటే మౌస్ అర జానెడు దగ్గరికి వస్తుంది, అది మాత్రం మనకు కుదరదు, తెలుసుగా.

నల్లబల్ల

ఎందుకు కుదరదు? నేను చెప్పబోయిన పరిష్కారమే అది.

పంక్తి సరిచేసేవాడు

మాస్టారూ, కీబోర్డు మీద లేని గుర్తులు కావాలంటే ఆల్ట్ మీట నొక్కిపెట్టి అంకెలు కొట్టాలి. ఆ అంకెలు కుడిపక్క మీటలతోనే కొట్టాలి, పైవరుస అంకెలు పనికిరావు. శుభలేఖ పనిలో అవి లేకుండా మాకు పూట గడవదు.

ఎడమచేతి వాటం

అందుకే నేను మొదటి నుంచీ మౌస్‌ను ఎడమకు మార్చమంటున్నాను. ఎడమవైపు అంకెల మీటలు లేవు, కీబోర్డు అంచుకు ఆనించి పెట్టుకోవచ్చు. ఎవరైనా విన్నారా?

మూడో షిఫ్టు

అందరూ కలిసి నన్ను ఒంటరివాణ్ణి చేశారు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి, నిన్న మా ఆవిడ గుర్తుచేసింది. నేను నిలువు మౌస్ కొన్న నెలలోనే ఆఫీసులో కుర్చీలు మార్చారు. పాతవాటికి చేతులు ఉండేవి కావు, కొత్తవాటికి ఎత్తు మార్చుకునే చేతులున్నాయి. నొప్పి తగ్గింది ఏ దెబ్బకో ఇప్పుడు నేను ప్రమాణం చేసి చెప్పలేను. అలాగని ఇంట్లో పాత కుర్చీలో కూర్చుని పాత మౌస్ పట్టుకుంటే గంటలో చేయి మొరాయిస్తుంది, అదే కుర్చీలో నిలువు మౌస్‌తో మూడు గంటలు లాగగలను. దీనికి ఏమంటారు?

సికింద్రాబాద్ సర్వీసు

మీ చేతికి అది కుదిరిందంటాను. ఎనిమిది వందలున్న వాళ్లందరికీ కుదురుతుందని అనను.

చేతివైద్యం

పట్టు మారితే అలసిన కండకు విశ్రాంతి దొరుకుతుంది, అందుకే మూడు గంటలు. రెండు రకాల మౌసులు పెట్టుకుని మార్చి మార్చి వాడేవాళ్లు కూడా ఉన్నారు. అది పిచ్చి ఆలోచనేమీ కాదు.

అక్షరాల అంగడి

మూడు వారాలైంది, జవాబు బాకీ ఉన్నాను.

మొదట దిండు, పీట. పీట మా అత్తగారిది, అడిగి తెచ్చుకున్నాను. "కంప్యూటర్‌కు పూజ చేస్తావా?" అన్నారు. రెండు రోజుల్లో మెడ దగ్గర లాగుడు తగ్గింది, చేతిలో తగ్గలేదు. తర్వాత బ్రాడీపేటలో ఒక దుకాణానికి వెళ్లి ఏడు మౌసులు బయటికి తీయించాను. దుకాణదారు ఆరోదానికే మొహం ముడిచాడు, ఏడోది కొన్నాను. తీగది, ఇటూ అటూ ఒకేలా ఉంటుంది, పొడవు 10 సెంటీమీటర్లు, రూ. 380. గుడ్డ ప్యాడ్ రూ. 120. వేంకటేశ్వరస్వామి తిరిగి గోడకెక్కాడు. కర్సర్ గంతులు ఆగాయి. గంతులు ఆగాక నేను మౌస్‌ను అదిమి పట్టడం కూడా దానంతటదే ఆగింది, నేనేమీ ప్రయత్నం చేయలేదు.

వేలు మాత్రం ఇంకా లేస్తోంది. మా అమ్మాయి పక్కగా వెళ్తూ "అమ్మా, వేలు!" అంటుంది. దించుతాను. మళ్లీ లేస్తుంది.

మరిది ఊరుకోలేదు, తన నిలువు మౌస్ రెండు రోజులు ఇచ్చి వెళ్లాడు. చేయి హాయిగా ఉన్న మాట నిజం, మూడో షిఫ్టు గారికి అన్యాయం చేయను. అయితే ఒక గృహప్రవేశం కార్డులో వినాయకుడి తొండం చుట్టూ అక్షరాలు తిప్పడానికి మామూలుగా పది నిమిషాలు పట్టే పని అరగంట పట్టింది. నొక్కినప్పుడల్లా మౌస్ పక్కకు జరిగింది, సర్వీసు గారు చెప్పినట్టే.

ఎడమచేతి వాటం గారూ, మీ మాట విన్నాను. పాత మౌస్‌ను పారేయలేదు, ఎడమవైపు పెట్టాను. కంప్యూటర్‌కు రెండు మౌసులూ ఒకేసారి పనిచేస్తాయని నాకు ఇప్పుడే తెలిసింది. ప్రూఫు చదివేటప్పుడు, పేజీలు కిందికి జరిపేటప్పుడు ఎడమ చేయి. అక్షరాలు పేర్చేటప్పుడు కుడి చేయి. మీరు చెప్పిన బొత్తాల మార్పు మాత్రం చేయలేదు, అది రెండు మౌసులకూ కలిపి మారిపోతోంది. ఒకరోజు మార్చి మరచిపోతే మావారు బిల్లు తీయబోయి, "ఈ కంప్యూటర్‌కు దయ్యం పట్టింది" అన్నారు.

నొప్పి సగానికి తగ్గింది. నిన్న పప్పు గిన్నె కుడి చేత్తోనే దించాను.

మూడో షిఫ్టు

సంతోషమండీ. కానీ రెండు రోజులు చాలవు, నేను ముందే చెప్పాను, మొదటి వారం తూలుతుంది. మీ మరిదిని అడిగి ఒక నెల వాడి చూడండి, అప్పుడు తీర్పు చెప్పండి.

అక్షరాల అంగడి

ముహూర్తాలు అయిపోనివ్వండి, అడుగుతాను. ఇప్పుడు చేతిలో పద్నాలుగు శుభలేఖలున్నాయి, వినాయకుడు తూలితే పెళ్లివాళ్లు ఊరుకోరు.